అప్‌డేట్: రెజ్యూమెలో "నిట్‌పికింగ్" తీసేశాను

పోయిన వారం అడిగాను కదా, పని జాగ్రత్తగా చేస్తానని రెజ్యూమెలో చెప్పడానికి నిట్‌పికింగ్, హెయిర్ స్ప్లిటింగ్, మెటిక్యులస్‌లలో ఏది రాయాలని. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్, మెటిక్యులస్ (చిన్న వివరం కూడా వదలకుండా జాగ్రత్తగా చేసే) అన్నవాళ్లే కరెక్ట్. పర్లాకిమిడిలో మా వీధి రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారికి కాగితం చూపిస్తే ఎర్ర పెన్నుతో నిట్‌పికింగ్ అన్న మాట కొట్టేసి, "నిట్ అంటే పేను గుడ్డు నాయనా, ఈపులు ఏరతానని ఉద్యోగం అడుగుతావా?" అని ఒకటే నవ్వు. అంటే మన కోడిగుడ్డు మీద ఈకలు పీకడం లాంటిదే, ఎవరికి వాళ్లు చెప్పుకునే మాట కాదు. హెయిర్ స్ప్లిటింగ్ అంటే అక్కర్లేని సన్న తేడాలు పట్టుకుని వాదించడమట. ఫసీ (ప్రతి చిన్నదానికీ పేచీ పెట్టే) కూడా వద్దన్నారు మాస్టారు, అది కూరలో ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టే మా తమ్ముడికి సరిపోతుంది.