టైమింగ్ బెల్టు తెగింది: హెడ్ దింపించాలా, ఇంజినే మార్చాలా?

ఎర్రబండి:
నిన్న సాయంత్రం ఎనభై స్పీడులో వెళ్తుండగా టప్‌మని చిన్న శబ్దం వచ్చింది, అంతే, ఇంజిన్ ఆగిపోయింది. అంతకుముందు చప్పుడూ లేదు, వార్నింగ్ లైటూ వెలగలేదు. పక్కకు తీసి సెల్ఫ్ కొడితే మోటారు తిరుగుతోంది గానీ ఎప్పుడూ వినిపించే ఆ ఊపు లేదు. కుట్టుమిషన్ ఖాళీగా తొక్కినట్టు ఒకే తీరుగా సుయ్‌మంటోంది. పెట్రోల్ బండి, 1.6 లీటర్లు, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. 1,32,000 కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక మెకానిక్ "కొత్త బెల్టు వేసి చూద్దాం, అదృష్టం బాగుంటే లేస్తుంది" అంటున్నాడు. ఇంకొకాయన బానెట్ కూడా ఎత్తకుండా "ఇంజిన్ పోయింది, వేరేది వేసుకోండి" అనేశాడు. ఎవరి మాట వినాలి? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

గ్రీజుచేతులు:
సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టారు? ముందు అది చెప్పండి.

ఎర్రబండి:
నాలుగైదు సార్లు. ఒకసారి తోయించి కూడా చూశాను.

గ్రీజుచేతులు:
అయ్యో. సరే, అయిందేదో అయింది, ఇక తాళం ముట్టుకోకండి.

ఏం జరిగిందో చెప్తాను. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (గాలి, పొగ వచ్చిపోయే తలుపులను, అంటే వాల్వులను తెరిచే షాఫ్ట్) ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేదే బెల్టు. అది తెగగానే క్యామ్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది, కొన్ని వాల్వులు కిందికి దిగి తెరుచుకుని ఉండిపోతాయి. బండి గేర్‌లో ఉంది కాబట్టి చక్రాలు క్రాంక్‌ను తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్లు పైకి వచ్చి ఆ వాల్వులను కొడతాయి. అందరి ఇంజిన్లలో ఇలా జరగదు. కొన్నింటిలో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుంది, కొత్త బెల్టు వేస్తే బండి లేస్తుంది. రెండూ ఒకే చోటును వంతులవారీగా వాడుకునే ఇంజిన్లను ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ అంటారు. ఇప్పుడు వస్తున్నవాటిలో ఎక్కువ ఇవే. మీది ఏ రకమో ఇంజిన్ కోడ్ పట్టుకుని వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూడాలి. మోడల్ పేరు చాలదు, ఒకే మోడల్‌లో రెండు రకాలూ ఉండొచ్చు.

తెగిన క్షణంలో ఎన్ని వాల్వులు వంగాయో మన చేతిలో లేదు. ఆ తర్వాత కొట్టిన ప్రతి సెల్ఫూ మాత్రం మనం చేతులారా కొట్టించిన దెబ్బే.

డీజిల్‌దాసు:
నాది డీజిల్. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉండగా తెగింది. మెల్లగా తిరుగుతున్నప్పుడు తెగింది కదా, పెద్దగా ఏమీ కాదులే అనుకున్నాను. డీజిల్‌లో ఆ ధైర్యం పనికిరాదు. కంప్రెషన్ కోసం పిస్టన్ దాదాపు హెడ్‌ను (సిలిండర్ల మీద మూతలా ఉండేది, వాల్వులు అందులోనే ఉంటాయి) తాకేంత పైకి వస్తుంది. నా ఇంజిన్‌లో వాల్వులు నిటారుగా ఉంటాయి కాబట్టి దెబ్బ నిలువునా పైకి వెళ్లి రాకర్లు (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే మీటలు) విరిగాయి, క్యామ్‌షాఫ్ట్ రెండు ముక్కలైంది. విచిత్రం ఏమిటంటే వాల్వులు మూడే వంగాయి. రాకర్లు ముందే విరిగి వాటిని కాపాడాయన్నాడు మెకానిక్.

అసలు తప్పు బెల్టుది కూడా కాదు. వాటర్ పంపు బేరింగ్ బిగుసుకుపోయి బెల్టును కోసేసింది. బెల్టు మార్చి అప్పటికి రెండేళ్లే అయింది. పంపు మార్చకుండా డబ్బు మిగిల్చుకున్నది నేనే. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

లెక్కలమాస్టారు:
ఎర్రబండి గారూ, ఇద్దరు మెకానిక్‌లదీ తొందరే. ఇంజిన్ మార్చమన్నాయన చూడకుండా చెప్పాడు. బెల్టు వేసి చూద్దామన్నాయన పద్ధతి కొంచెం నయమే, కానీ ఎలా వేస్తాడో కనుక్కోండి. ముందు క్రాంక్‌ను పై మార్కుకు (ఒకటో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) తొంభై డిగ్రీలు వెనక్కి పెట్టాలి. అప్పుడు నాలుగు పిస్టన్లూ సగం ఎత్తులో ఉంటాయి, క్యామ్ తిప్పినా ఏదీ తగలదు. క్యామ్ మార్కు కలిపాక క్రాంక్‌ను మార్కుకు తెచ్చి బెల్టు వేసి, పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా అడ్డం తగిలితే అక్కడే ఆపేయాలి.

ఆ తర్వాత స్టార్ట్ చేయకండి, లీక్ డౌన్ టెస్ట్ చేయించండి. ఒక్కో సిలిండర్‌లో అన్ని వాల్వులూ మూసుకునే స్థితికి తెచ్చి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి పంపుతారు. గాలి ఇంటేక్ వైపు (ఇంజిన్‌లోకి గాలి వచ్చే దారి) వినిపిస్తే ఇంటేక్ వాల్వు వంగినట్టు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ (పొగ బయటికి వదిలే) వాల్వు. ఆయిల్ మూత దగ్గర గట్టిగా వస్తే పిస్టన్ రింగుల వైపు చూడాలి. అదే రంధ్రంలోంచి చిన్న కెమెరా దించితే పిస్టన్ తల మీద నెలవంక ఆకారంలో మచ్చలు కనిపిస్తాయి. హెడ్ దింపకముందే సగం కథ తెలిసిపోతుంది.

నిదానం:
ఖర్చు మాట ఎవరూ ఎత్తడం లేదు. నా అనుభవం రాస్తాను. టైముకు బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే చక్రం), వాటర్ పంపు కలిపి మార్చే ఖర్చును ఒకటి అనుకుంటే, నాకు హెడ్ పనికి ఐదింతలు పైనే అయింది. వాల్వులు అంత ఖరీదేమీ కాదు, హెడ్ దింపి ఎక్కించే కూలీయే తినేసింది. దానికి తోడు వాల్వు గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు), స్టెమ్ సీల్స్, సీట్ల గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం), కొత్త గ్యాస్కెట్లు, కూలెంట్, ఆయిల్, ఫిల్టర్. హెడ్ బోల్టులు చాలా ఇంజిన్లలో ఒక్కసారికే, బిగించినప్పుడు సాగుతాయి, పాతవి మళ్లీ వాడకూడదు. ఇవేవీ మొదటి ఎస్టిమేట్‌లో లేవు. చివరికి తడిసి మోపెడైంది.

అది కూడా ఒకసారి కాదు, రెండుసార్లు. వంగిన నాలుగు వాల్వులే మార్చారు. మిగతావి కంటికి బాగానే కనిపించాయి. నెల తిరగకుండానే మూడో సిలిండర్ మిస్ అవడం మొదలైంది. మళ్లీ హెడ్ దించారు, మళ్లీ గ్యాస్కెట్, మళ్లీ కూలీ. దించినప్పుడే అన్ని వాల్వులూ మార్చేయండి.

గ్రీజుచేతులు:
అన్నీ మార్చాలనేది నేను ఒప్పుకోను. లేత్ షాపులో వాల్వును తిప్పి డయల్ గేజ్ పెడితే వెంట్రుకవాసి వంపు కూడా తెలుస్తుంది. నిటారుగా ఉన్నదాన్ని పారేయడం దేనికి? మీ దగ్గర తప్పు జరిగింది కంటితో చూసి వదిలేసినందుకు.

నిదానం:
గేజ్ ఉన్నవాడు దొరికితే మంచిదే. నాకు దొరకలేదు, అందుకే ఈ గోల.

చైన్‌బండి:
అందుకే నేను చైన్ ఉన్న బండి కొన్నాను 😀

డీజిల్‌దాసు:
మరీ మురిసిపోకండి. ఆయిల్ టైముకు మార్చకపోతే చైన్ సాగుతుంది, టెన్షనర్ పోతుంది, పళ్లు దాటుతుంది. అప్పుడూ తగిలేది అవే వాల్వులకు. కాకపోతే చైన్ ముందు కాస్త గలగలలాడి చెప్తుంది, బెల్టు చెప్పదు.

ఆయిల్‌లోనే తిరిగే బెల్టులూ ఉన్నాయి. కంపెనీ చెప్పిన గ్రేడు కాని ఆయిల్ పోస్తే రబ్బరు ఉబ్బి రాలుతుంది, ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. వాటిలో బెల్టు తెగకముందే ఆయిల్ ప్రెషర్ లైటు వెలగొచ్చు.

ఎర్రబండి:
ఇన్సూరెన్స్ ఇస్తుందా?

లెక్కలమాస్టారు:
మామూలు పాలసీ యాక్సిడెంట్‌కి ఇస్తుంది, అరుగుదలకు ఇవ్వదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే అడగండి, అయితే వాళ్లు మొదట అడిగేది బెల్టు మార్చిన బిల్లు.

పాత ఇంజిన్ వేయించే ఆలోచన ఉంటే ఒక మాట. దాని బెల్టు వయసు కూడా మీకు తెలియదు. బండిలోకి ఎక్కించకముందే, చేతికి బాగా అందుతున్నప్పుడే, కొత్త బెల్టు కిట్ వేయించాలి. చాలాచోట్ల కాగితాల్లో ఇంజిన్ నంబరు కూడా మార్పించుకోవాలి. ఈ రెండూ కలుపుకోకుండా "ఇంజిన్ మార్చడమే చవక" అంటుంటారు. పిస్టన్ పగిలినా, కనెక్టింగ్ రాడ్ వంగినా, హెడ్‌లో చీలిక ఉన్నా అప్పుడు మాత్రం ఆ దారే నయం.

ఎర్రబండి:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మూడో మెకానిక్‌ను పట్టుకున్నాను. లీక్ డౌన్ పెడితే మూడు సిలిండర్లలో గాలి ఇంటేక్ వైపు పోయింది. హెడ్ దింపాక చూస్తే ఇంటేక్ వాల్వులు ఆరు వంగాయి. ఎగ్జాస్ట్‌వి పైకి బాగానే ఉన్నాయి, గేజ్ పెడితే ఒకటి తేడా వచ్చింది. ఏడూ మార్చాం, రెండు గైడ్లు కూడా. పిస్టన్ల మీద మచ్చలే తప్ప పదునైన గాట్లు లేవు, అలాగే వదిలేశారు. తెగిన బెల్టును చూపించాడు. పళ్ల దగ్గర నూనె. క్యామ్ సీల్ ఎప్పటినుంచో కారుతోందట, ఆ నూనెకే రబ్బరు మెత్తబడిందన్నాడు. సీల్స్ అన్నీ కొత్తవి వేయించాను. నిన్న స్టార్ట్ చేశాం, ఒక్క సెల్ఫ్‌కే లేచింది.

బెల్టు కవరు మీద తేదీ, కిలోమీటర్లు మార్కర్‌తో నేనే రాశాను. తర్వాత కొనేవాడు అడగకపోయినా కనపడాలి కదా.

నిదానం:
సంతోషం. మరి ఎన్నింతలైంది?

ఎర్రబండి:
ఆరు. తోయించినందుకు అందులో ఎంతో తెలియదు, మెకానిక్‌ను అడిగితే నవ్వాడు.