సమస్య: కొండ దిగినవాఁడె కొండ నెక్కె

ఆటవెలది నాలుగో పాదమిది. కేరళ, తమిళనాడు సరిహద్దు అడవుల్లోని అగస్త్యకూటం (1,868 మీటర్లు) ఎక్కి వచ్చాక మనసులో మెదిలింది. తాడు పట్టుకొని పాకిన రాతి మీదుగానే తిరిగి దిగాలి. ఎక్కేటప్పటి కన్నా అప్పుడే కాళ్లు ఎక్కువ వణికాయి. మొదటి మూడు పాదాలు రాసి పూరించండి.

విశాఖ నుంచి:

వింధ్య మణఁచి మౌని వెనుకకు మరలక
దక్షిణదిశ నడచెఁ దపము కొఱకు
మబ్బుతాకునట్టి మలయాద్రిఁ జూడుఁడు
కొండ దిగినవాఁడె కొండ నెక్కె

— అగస్త్యుడిని తేవడం ఎంతో ఉచితం. కానీ వింధ్యను అణచాడన్నారే గాని దిగాడనలేదు. సమస్యలోని "దిగిన" గాలిలో నిలిచింది. "వింధ్యగిరిని దిగియు వెనుకకు మరలక / దక్షిణదిశ మౌని తరలిపోయె" అంటే ముడి పడుతుంది.

వరంగల్ నుంచి:

పడమటి గిరి దాటి పయనించె భానుండు
రాత్రి గడచె మంచు లోయ విడిచె
తూర్పుకొనను వెలుఁగు తొలిరేఖఁ గనుఁడయ్య
కొండ దిగినవాఁడె కొండ నెక్కె

— రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) తప్పింది: "రా"కు "లో" చెల్లదు. "మంచు రాలిపోయె" అనండి. అగస్త్యకూటానికి పడమర అరేబియా సముద్రమే అయినా, పడమటి కొండ కవిసమయం (కవులు ఆనవాయితీగా వాడే కల్పన) కనుక ఆక్షేపణ లేదు.

బెంగళూరు నుంచి:

కాణివాఁడు నిన్న గమ్యమ్ముఁ జూపించి
దించె నొక్క జట్టుఁ దెల్లవాఱె
మరల వచ్చి రొకరు మార్గమ్ము నెఱుఁగరు
కొండ దిగినవాఁడె కొండ నెక్కె

— నాకు అన్నింటికన్నా నచ్చిన పూరణ. శిఖరం మనకు ఒక్కసారి దక్కే సంబరం. దారి చూపే కాణి గిరిజనుడికి రోజువారీ పని. 1987లో ఈ అడవులకు వచ్చిన శాస్త్రవేత్తలు అలసిపోతే, వెంట నడిచిన కాణులు ఆరోగ్యపచ్చ కాయలు తినిపించి నిలబెట్టారు. ఆ మొక్క నుంచే తర్వాత "జీవని" మందు తయారైంది. ఆ మనుషులను పద్యంలోకి తెచ్చినందుకు చేతులు జోడిస్తున్నాను. ఒక్క సూచన: "గమ్యమ్ము" పొడిగా ఉంది. "గగనమ్ముఁ జూపించి" అన్నా గణాలూ యతీ కుదురుతాయి.

బెంగళూరు నుంచి జవాబు: "గగనమ్ము" అందంగానే ఉందండీ. కానీ మేము పైకి చేరిన వేళ మబ్బు కమ్మి ఆకాశమే కనబడలేదు. ముందు నడిచినాయన చేయి పట్టుకొని శిఖరం మీది అగస్త్యుడి విగ్రహం దగ్గరికి తీసుకెళ్లారు. "గమ్యమ్ము" ఉంచుతాను.