ముసురు పడితే రూఫ్‌టాప్ యూనిట్‌లో హీటర్ రావడం లేదు: సెన్సర్ సమస్యా, సెట్టింగా?

గద్వాల మెయింటెనెన్స్:

అందరికీ నమస్కారం. అయిజ రోడ్డులో పత్తి విత్తనాల ప్యాకింగ్ యూనిట్ ఒకదాంట్లో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ప్యాకింగ్ హాలుకు మిద్దె మీద పది టన్నుల కూలింగ్ కెపాసిటీ ఉన్న ప్యాకేజ్ ఏసీ యూనిట్ ఉంది. గాలి 4000 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), లోపల 18 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ రెండు స్టేజీల్లో. హాలులో 24 డిగ్రీలు, తేమ 50 శాతం ఉండాలని క్వాలిటీ వాళ్లు పట్టుబడతారు.

ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. ముసురు పట్టిందంటే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. తేమ తగ్గించాలని కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది, హాలు 20 డిగ్రీలకు పడిపోతుంది, తేమ మాత్రం 65 శాతం దగ్గరే నిలబడుతుంది. ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు చలికి కొంగు కప్పుకొని కూర్చుంటున్నారు. వాళ్ల అవస్థ చూడలేకపోతున్నాను. హీటర్ తనంతట తాను రావడమే లేదు, డిస్‌ప్లేలో హీటింగ్ లాక్ అని కనిపిస్తుంది. బయట సన్నగా తుంపర పడుతుంటే బయటి ఉష్ణోగ్రత 36 అని చూపిస్తోంది. కూలింగ్ ఆపి మాన్యువల్‌లో హీటర్ వేస్తే కాసేపు నడిచి, వేడి మితిమీరితే హీటర్‌ను ఆపే సేఫ్టీ థర్మోస్టాట్ ట్రిప్ అవుతుంది. మళ్లీ నిచ్చెన ఎక్కి ఎర్ర బటన్ నొక్కాల్సిందే. ట్రిప్ అయ్యే ముందు సప్లై గాలి సెన్సర్ 52 చూపించింది.

యూనిట్ బిగించిన కాంట్రాక్టర్ హీటర్ బ్యాంక్ పోయింది, మొత్తం మార్చాలి అంటున్నాడు. క్లాంప్ మీటర్ పెడితే మూడు ఫేజుల్లోనూ 25 ఆంపియర్లు వస్తున్నాయి, వోల్టేజ్ 415. సార్‌కు ఏం చెప్పాలో తెలియడం లేదు.

జడ్చర్ల మిద్దె మెకానిక్:

తమ్ముడూ, హీటర్ బ్యాంక్ జోలికి పోకు. 415 వోల్టుల మీద మూడు ఫేజులూ సమానంగా 25 ఆంపియర్లు లాగుతున్నాయంటే లెక్కకు సరిగ్గా 18 కిలోవాట్లు. ఎలిమెంట్ (లోపల వేడెక్కే తీగ) ఒక్కటి తెగినా ఫేజుల మధ్య తేడా కనిపించేది. అది బాగున్న హీటర్.

నువ్వు రాసిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. 20 డిగ్రీల దగ్గర 65 శాతం తేమ అంటే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 13 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అదే గాలిని, నీళ్లు ఒక్క చుక్క తీయకుండా, 24 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 50 శాతానికి వస్తుంది. ఈ రేంజ్‌లో ఒక్కో డిగ్రీ పెరిగితే మూడు శాతం పైగా తగ్గుతుంది. అంటే మీ కూలింగ్ కాయిల్ నీళ్లు తీసే పని పూర్తిగా చేసింది. మిగిలింది మళ్లీ వేడి చేయడం, దానికే హీటర్ పెట్టారు. ఈ సంగతి మీ సార్‌కు తప్పకుండా చెప్పు, ఎందుకంటే ఏసీ, హీటర్ ఒకేసారి నడిస్తే కరెంటు దండగ అని ఎవరో ఒకరు అంటారు. మన పాలమూరు వైపు ఇలాంటి హాళ్లలో హీటర్ చలి కోసం కాదు, తేమ కోసం.

ఆ తేడా తెలియకుండా సెట్టింగులు పెట్టడం వల్లే నీకు లాక్ పడుతోంది. రూఫ్‌టాప్ యూనిట్లలో బయటి ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే హీటింగ్ రాకుండా చేసే లాకౌట్ ఉంటుంది. చలిదేశాల ఆఫీసులకు అది మంచి ఏర్పాటే, వేసవిలో హీటర్ పొరపాటున రాదు. కానీ మన వానాకాలంలో బయట 25, 26 ఉంటుంది. లాకౌట్ 15 దగ్గరో 18 దగ్గరో ఉంటే జూలై, ఆగస్టుల్లో మీ హీటర్ ఎప్పటికీ రాదు. కంట్రోలర్‌లో తేమ మోడ్‌కు హీటర్ వాడుకోవచ్చు అనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఆ మోడ్ వరకు లాకౌట్ తీసేయి. చలి కోసం వచ్చే హీటింగ్‌కు లాకౌట్ అలాగే ఉండనీ.

తుంపరలో 36 అంటే బయటి సెన్సర్ ఉన్న చోటే తప్పు. కండెన్సర్ ఫ్యాన్ వదిలే వేడి గాలికి దగ్గరగా ఉందేమో చూడు. ఎండ పడని ఉత్తరం వైపు, యూనిట్ రేకుకు ఆనకుండా, గాలి ఆడే గొడుగు కవర్ కింద ఉండాలి.

ఇక ట్రిప్ సంగతి, నాకు భయం వేసేది ఇక్కడే. ట్రిప్‌కు రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గాలి తక్కువ. రెండోది, గాలి సరిపడా ఉన్నా ఎలిమెంట్ల దగ్గర సమంగా పారకపోవడం. 52 అన్న అంకెను మాత్రం ఇప్పుడే నమ్మకు, సెన్సర్ హీటర్‌కు ఎదురుగా ఉంటే ఎలిమెంట్ కాకను కూడా గాలి వేడిగానే చూపిస్తుంది. ఒక థర్మామీటర్ తీసుకొని డక్ట్ మొదటి వంపు దాటాక చిన్న రంధ్రం చేసి కొలువు. కూలింగ్ ఆపి హీటర్ రెండు స్టేజీలూ నడుస్తుండగా, లోపలికి వెళ్లే గాలికీ వంపు దాటిన గాలికీ తేడా చూడు. కిలోవాట్లను 1760తో గుణించి సీఎఫ్ఎంతో భాగిస్తే ఎన్ని డిగ్రీలు పెరగాలో వస్తుంది. నీ 18 కిలోవాట్లకు, 4000 సీఎఫ్ఎంకు దాదాపు 8 డిగ్రీలు. అంతకంటే బాగా ఎక్కువ వస్తే గాలి తగ్గినట్టే.

గాలి తగ్గితే హీటర్‌ను ఆపాల్సింది ఎయిర్‌ఫ్లో స్విచ్. అది పని చేసి ఉంటే సేఫ్టీ దాకా రావాల్సిన అవసరమే ఉండదు. ఆ స్విచ్ వైర్లు ఎక్కడికి పోతున్నాయో కంటితో చూసి రా. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూశాకే ప్యానెల్ తెరువు.

గద్వాల మెయింటెనెన్స్:

అన్నా, మీరు చెప్పినవన్నీ చూశాను. లోపలికి 20, వంపు దాటాక 32 వచ్చింది. 12 డిగ్రీల తేడా అంటే మీ లెక్క ప్రకారం 2600 సీఎఫ్ఎం చిల్లర. ఫిల్టర్లు బయటికి తీస్తే కింది సగమంతా గులాబీ రంగు పొడితో మూసుకుపోయి ఉంది, విత్తనానికి పట్టించే మందు పొడి అది. పైసగం దాదాపు శుభ్రంగానే ఉంది. కడిగి పెట్టాక తేడా ఎనిమిదిన్నరకు వచ్చింది, ట్రిప్ లేదు.

ఎయిర్‌ఫ్లో స్విచ్ విషయం మాత్రం మీరు అనుమానించినట్టే ఉంది. స్విచ్‌కు పోవాల్సిన రెండు వైర్లు టెర్మినల్ దగ్గరే మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉన్నాయి, అంటే స్విచ్‌ను పక్కకు తప్పించారు. ఎవరు చేశారో అడిగితే ఎవరూ చెప్పడం లేదు. స్విచ్‌కు వచ్చే సన్న గొట్టంలో పొడి నిండి ఉంది. ఊది శుభ్రం చేసి, వైర్లు మళ్లీ స్విచ్‌కు కలిపాను. ఫ్యాన్ ఆపితే హీటర్ కాంటాక్టర్ పడిపోయి కరెంటు ఆగుతోంది.

లాకౌట్ 15 దగ్గర ఉంది, తేమ మోడ్ వరకు తీసేశాను. బయటి సెన్సర్ కండెన్సర్ పక్క రేకు మీదే ఉంది, దాన్ని మార్చాలి. నిన్న తుంపరలో హాలు 24కి వచ్చింది, కానీ గోడ మీది తేమ సెన్సర్ 58 చూపిస్తుంటే క్వాలిటీ వాళ్ల చేతి మీటర్ 51 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

నల్గొండ కంట్రోల్స్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కంట్రోలర్ల ప్రోగ్రామింగ్ నా పని, సెన్సర్ల గొడవ రోజూ చూస్తాను. రెండింటినీ వెంటనే నమ్మకండి. వంటింటి ఉప్పుతో తేల్చుకోవచ్చు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, ఉప్పులో కొద్దిగా నీళ్లు పోసి తడి ఇసుకలా చేయండి, ఉప్పు పూర్తిగా కరగకూడదు. సెన్సర్‌ను ఉప్పుకు తగలకుండా అదే డబ్బాలో మూసి, ఎండ, ఏసీ గాలి తగలని చోట రాత్రంతా వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. చేతి మీటర్‌నూ అందులోనే పెట్టండి. 75కు ఎవరు దగ్గరగా ఉంటే వారిది నిజం. మీకు 50 దగ్గర కావాలి కాబట్టి ల్యాబ్‌లో మెగ్నీషియం క్లోరైడ్ దొరికితే దానితోనూ చూడండి, అది 33 శాతం ఇస్తుంది. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్ (ఆ తేడాను సరిచేసే అంకె) పెట్టవచ్చు. వేర్వేరు తేడాలుంటే సెన్సర్ మార్చడమే మంచిది.

గోడ సెన్సర్ లోడింగ్ తలుపు పక్కన ఉందేమో కూడా చూడండి. తలుపు తెరిచిన ప్రతిసారీ అది వాన గాలినే కొలుస్తుంది. హాలు గాలిని యూనిట్‌కు తిరిగి తీసుకెళ్లే రిటర్న్ డక్ట్‌లోకి మార్చండి.

ఇంకొకటి. ఉష్ణోగ్రత సెన్సర్ ఏ రకమో, కంట్రోలర్‌లో ఏ రకం ఎంచుకున్నారో సరిపోల్చండి. 10కే థర్మిస్టర్లలో (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్లలో) టైప్ 2, టైప్ 3 రెండూ 25 డిగ్రీల దగ్గర 10,000 ఓములే చూపిస్తాయి, అందుకే హాలులో తప్పు బయటపడదు. ఫ్లాస్కులో దంచిన ఐసు, కాసిన్ని నీళ్లు కలిపి, సెన్సర్‌ను కవర్‌లో పెట్టి ముంచి, వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో కొలవండి. 32,650 దగ్గర వస్తే టైప్ 2, 29,490 దగ్గర వస్తే టైప్ 3. 1000 వస్తే పీటీ1000, 100 వస్తే పీటీ100, ఇవి ప్లాటినం సెన్సర్లు. టైప్ 3 సెన్సర్ పెట్టి కంట్రోలర్‌లో టైప్ 2 అని ఉంచితే 10 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ పైగా ఎక్కువ, 50 దగ్గర రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. మీ పని మొత్తం ఆ రెండింటి మధ్యే కదా.

పీటీ100 అయితే రెండు వైర్లతో మిద్దె నుంచి కిందికి లాగవద్దు. ఒక డిగ్రీకి 0.385 ఓమ్ మాత్రమే మారుతుంది. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి వైరు 30 మీటర్లు పోయి వచ్చేసరికే దాని సొంత నిరోధం ఒక ఓమ్ దాటుతుంది, అంటే సుమారు మూడు డిగ్రీల తప్పు. మూడు వైర్లతో లాగండి, లేదా పీటీ1000 వాడండి.

గద్వాల మెయింటెనెన్స్:

మేడమ్, ఉప్పు డబ్బాలో గోడ సెన్సర్ 82, చేతి మీటర్ 76 చూపించాయి. గోడ సెన్సర్ మార్చమని రాసిచ్చాను, రిటర్న్ డక్ట్‌లో పెట్టిస్తాను. ఐసులో సప్లై సెన్సర్ 29,600 ఓములు, కంట్రోలర్‌లో టైప్ 2 ఉంది. టైప్ 3కి మార్చాను. అన్నా, సప్లై సెన్సర్‌ను ఎక్కడికి జరపమంటారు?

జడ్చర్ల మిద్దె మెకానిక్:

నువ్వు రంధ్రం చేసి కొలిచిన చోటికే, తమ్ముడూ, ఆ వంపు దాటాక. అక్కడ గాలి కలిసిపోయి ఉంటుంది, ఎలిమెంట్ సెన్సర్‌కు కనిపించదు. డక్ట్ మధ్య దాకా పోయేంత పొడుగు ప్రోబ్ తీసుకో. కంట్రోలర్‌లో సప్లై హద్దు 35 పెట్టు, హీటర్ ఆగాక ఫ్యాన్ ఇంకో రెండు నిమిషాలు నడిచేలా చూడు, లేకపోతే ఎలిమెంట్లలో మిగిలిన కాకకే సేఫ్టీ పడుతుంది. విత్తన మందు పొడి అంత వస్తోంది కాబట్టి ఫిల్టర్ ముందూ వెనకా ప్రెషర్ గేజ్ ఒకటి పెట్టించు, తేదీ చూసి కాకుండా గేజ్ చూసి కడగొచ్చు. కడిగేటప్పుడు గ్లౌజులు, మాస్క్ వేసుకో, అది మందు పొడి. కొత్త యూనిట్ కొనే రోజు వస్తే కంప్రెసర్ వేడి గ్యాస్‌తోనే రీహీట్ చేసే రకం అడగమని సార్‌కు చెప్పు, ఈ 18 కిలోవాట్లలో చాలా భాగం మిగులుతుంది.