టోర్నిల్లో శిబిరం పిల్లల బొమ్మలు: ప్రదర్శనకు పెట్టడం సబబేనా?

తెల్లకాగితం:
టెక్సస్‌లో ఎల్ పాసోకు దగ్గర్లో టోర్నిల్లో అనే ఊరుంది. 2018 జూన్‌లో అక్కడి ఎడారిలో గుడారాలు వేసి, పెద్దల తోడు లేకుండా మెక్సికో సరిహద్దు దాటి అమెరికాలోకి వచ్చిన పిల్లల్ని అక్కడి ప్రభుత్వం నిర్బంధంలో ఉంచింది. అందరూ టీనేజీ వాళ్లే, ఎక్కువమంది గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చారు. మీ దేశం గురించి ఏదైనా చేయండని టీచర్లు అడిగితే క్వెట్జాల్ పక్షులు, చర్చి నమూనాలు చేశారు. 2019 జనవరిలో శిబిరం మూసేశారు. మిగిలిన కొన్ని బొమ్మల్ని ఆ ఏడాదే ఎల్ పాసో యూనివర్సిటీ మ్యూజియంలో ప్రదర్శించారు.

నా దృష్టిలో ఇది తప్పు. కంచె లోపలున్న పిల్లవాడు సరేనన్నా ఆ మాటకు విలువేముంటుంది? చూసినవాళ్లు "ఎంత ఆశ!" అని మెచ్చుకుని వెళ్లిపోతారు, గుడారాల సంగతి మర్చిపోతారు.

చిత్రలేఖ:
నేను ఒప్పుకోను. క్వెట్జాల్ గ్వాటెమాలా జాతీయ పక్షి, అక్కడి డబ్బుకూ అదే పేరు. పంజరంలో పెడితే ఆ పక్షి బతకదని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అలాంటి పక్షిని కాపలా మధ్య కూర్చుని చేశారంటే, ఆ పిల్లలు ఏం చెబుతున్నారో తెలిసే చేశారని నా నమ్మకం. నేను డ్రాయింగ్ టీచర్ని. ఊరి బొమ్మ వేయమంటే పిల్లలు చేతికొచ్చింది వేయరు, పోగొట్టుకోకూడదు అనుకున్నదే వేస్తారు. ఆ పక్షిలో ఆశ ఉంది, ఫిర్యాదూ ఉంది. ఫిర్యాదును బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికి మేలు?

పాలమూరు బిడ్డ:
కవి హావియర్ జమోరా సంగతి చూడండి. 1999లో, తొమ్మిదేళ్లప్పుడు, కన్నవాళ్లు వెంట లేకుండా ఎల్ సాల్వడార్ నుంచి అమెరికా చేరాడు. ఆ అనుభవం మీద అతని కవితా సంపుటి 2017లో వచ్చింది. ఏది చెప్పాలో, ఏది తనలోనే ఉంచుకోవాలో తేల్చుకోవడానికి అతనికి అన్నేళ్లు దొరికాయి. టోర్నిల్లో పిల్లలకు ఆ వ్యవధి ఎవరిచ్చారు?

చిత్రలేఖ:
అందరూ జమోరా అంతటి కవులు కాలేరు కదండీ. శిబిరంతో పాటే అవన్నీ చెత్తలోకి పోతే, ఆ పిల్లలు అక్కడున్నారనడానికి వాళ్ల చేతి గుర్తేదీ మిగలదు.

డల్లాస్ అమ్మ:
మా పిల్లలు ఇక్కడే పుట్టారు. స్కూల్లో అమ్మానాన్నల దేశం గురించి పోస్టర్ చేయమంటే బతుకమ్మ వేసి నవ్వుతూ ఇంటికొస్తారు. వాళ్లకు పాస్‌పోర్టు ఉంది, సాయంత్రానికి ఇల్లుంది. టోర్నిల్లో పిల్లలకు ఆ రెండూ లేవు. అందుకే వాళ్ల బొమ్మను మామూలు స్కూలు ఎగ్జిబిషన్‌లా చూడలేకపోతున్నాను.

తెల్లకాగితం:
చిత్రలేఖ గారూ, మరి ఆ బొమ్మ పక్కన ఏం రాయమంటారు?

చిత్రలేఖ:
శిబిరం ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో రాయాలి. 2018 డిసెంబరులో అందులో సుమారు 2,800 మంది ఉన్నారని రాయాలి. ధైర్యం, ఆశ లాంటి మాటలు మ్యూజియం వాళ్లు రాయొద్దు, చూసేవాళ్లకు కళ్లున్నాయి. పిల్లల పేర్లు అసలే వద్దు. రేపు ఎవరైనా వచ్చి "ఇది నేను చేసింది" అంటే ఇచ్చేయాలి.

పాలమూరు బిడ్డ:
ఇమ్మిగ్రేషన్ కేసు ఇంకా నడుస్తున్న కుర్రాడు, పేరు బయటపడితే ఏమవుతుందోనన్న భయంతో ఉన్నవాడు, మ్యూజియం కౌంటర్ దగ్గరికొచ్చి అది నాదని ఎలా అడుగుతాడండీ?