క్లాసులో నోరు విప్పితేనే మార్కులా? ఎంబీఏలో కేస్ పద్ధతి మనకు నప్పుతుందా?

మిర్చియార్డు: మా కాలేజీలో ఒక వ్యాపారానికి వచ్చిన చిక్కును (కేస్) ముందు పెట్టి, ఏం చేయాలో క్లాసులో వాదించమంటారు. ఆ చర్చకు విడిగా మార్కులు. రాత పరీక్షలో ముందుంటాను, చర్చలో అడుగున. టెన్త్ దాకా తెలుగు మీడియం. జవాబు తెలిసినా ఇంగ్లీషులో కూడబలుక్కునేలోపు ఇంకొకరు అందుకుంటారు. 1961లో ఐఐఎం అహ్మదాబాద్ పెట్టినప్పుడు హార్వర్డ్ తోడ్పాటుతో తెచ్చుకున్న పద్ధతి ఇది. మన దగ్గర సార్‌కు ఎదురు చెప్తే పొగరంటారు. ఇది మనకెందుకు?

క్లయింట్‌కాల్: కావాలి. హైటెక్ సిటీలో టీమ్ నడుపుతున్నాను. అమెరికా వాళ్లతో కాల్‌లో, ఆ గడువు కుదరదని తెలిసీ మావాళ్లు ఒక్కరూ నోరెత్తరు. కాల్ అయ్యాక కారిడార్‌లో చెప్తారు. ఇక శని, ఆదివారాలు ఆఫీసులోనే. దేశాల సంస్కృతులను పోల్చిన హాఫ్‌స్టెడ్ లెక్కలో అధికార దూరం, అంటే పైవాళ్ల ముందు ఎంత ఒదిగి ఉంటామన్నది, మనకు 77, అమెరికాకు 40. కాలేజీలో తగ్గకపోతే ఇంకెక్కడ తగ్గుతుంది?

పాఠాల_మేడమ్: ఆ 77 ఐబీఎం ఉద్యోగులను అడిగి రాబట్టిన అంకె, అదీ 1970 ప్రాంతంలో. మా క్లాసుకు ఎలా వర్తిస్తుందండీ?

క్లయింట్‌కాల్: అంకె పాతదైతే ఏం? ఆ మౌనం ఈ వారం కూడా చూశాను.

నల్లకుంట: ప్రశ్న అడిగితే ఇంటర్నల్స్‌లో కోసేవారు మా సార్. ముందు వాళ్లకు నేర్పండి.

పాఠాల_మేడమ్: దేశానికి వేసిన అంకెను ఒక్కో మనిషికి అంటగట్టొద్దని హాఫ్‌స్టెడే అన్నాడు.

క్లయింట్‌కాల్: ఆ సర్వే వదలరా మేడమ్? మీరు నోట్సు చెప్పి పంపిస్తే మాట్లాడటం మేం నేర్పాలి!

పాఠాల_మేడమ్: నోట్సు చెప్తానని ఎవరన్నారు? గుంటూరు యార్డు మీద నేనే కేస్ రాశాను. తేజ మిర్చి ధర పడింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె, సరుకు మీద అప్పుకు వడ్డీ. రైతు అమ్మాలా, ఆగాలా? తెలుగులో చెప్పమన్నాను. ఎప్పుడూ తలెత్తని పిల్లలు నన్నే నిలదీశారు: "కమీషన్ ఏజెంటు దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవాడికి ఆగే వీలెక్కడిది మేడమ్?" గంట కొట్టినా లేవలేదు. సార్లంటే భయమన్నది అప్పుడేమైంది?

క్లయింట్‌కాల్: రేపు ఇంటర్వ్యూ తెలుగులో పెట్టేదెవరు? తండ్రి అప్పు చేసి ఫీజు కట్టేది ఉద్యోగం కోసం.

మిర్చియార్డు: మా నాన్న ఎందుకు కట్టాడో మీరే తేల్చేస్తే ఎలా అన్నా? మాకు యార్డులో కమీషన్ కొట్టుంది. నేను వెళ్లి నడపాల్సింది అదే. రైతుకు ఎంత అప్పివ్వాలి, వర్షానికి పంట పోతే ఎలా రాబట్టుకోవాలి? నాకు కావలసిన చదువు అది.

పాఠాల_మేడమ్: అసలు గొడవ ఇక్కడుంది. మీకు కంపెనీకి పనికొచ్చే మనిషి కావాలి. ఈ అబ్బాయికి వ్యాపారం కావాలి. క్లాసులో ఇద్దరూ ఉన్నారు.

క్లయింట్‌కాల్: సరే, తెలుగులోనే మొదలుపెట్టండి. రెండో ఏడాది ఇంగ్లీషులో వాదించాలి. చర్చకు మార్కులు మాత్రం ఎత్తేయొద్దు, ఎత్తేస్తే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

పాఠాల_మేడమ్: మొదటి ఏడాది ఎత్తేయాల్సిందే. ఇందులో నేను తగ్గను.