స్పెసిఫికేషన్ ప్రకారమే చేశాం, అయినా చెమ్మ వచ్చింది. బాధ్యత ఎవరిది?

సైట్‌ఇంజనీర్:
బేస్‌మెంట్ వాటర్‌ప్రూఫింగ్‌కి మెటీరియల్ పేరు, మందం, ఎన్ని పొరలు వేయాలో అన్నీ టెండర్ పత్రాల్లో క్లయింట్ వాళ్లే రాశారు. అలాగే వేశాం. ప్రతి పొరకీ కన్సల్టెంట్ సంతకం ఉంది. ఇప్పుడు గోడల్లో చెమ్మ. క్లయింటేమో వేరే పేజీలోని "నీరు చొరబడకుండా కాంట్రాక్టర్ పూర్తి బాధ్యత వహించాలి" అనే వాక్యం చూపించి సొంత ఖర్చుతో మళ్లీ చేయమంటున్నారు. రిటెన్షన్ డబ్బు (లోపాలకు హామీగా బిల్లుల్లోంచి పట్టి ఉంచే మొత్తం) కూడా ఆపేశారు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

బిల్లులపుస్తకం:
ఎలా చేయాలో కూడా వాళ్లే రాశారంటే, అది పనిచేస్తుందన్న హామీ వాళ్లదే అవ్వాలి. అమెరికా సుప్రీంకోర్టు 1918లో స్పియరిన్ కేసులో ఇదే చెప్పింది. నౌకాదళానికి డ్రై డాక్ (ఓడను నిలిపి, నీరు తోడేసి బాగుచేసే కట్టడం) కట్టే పని అది. ప్రభుత్వం ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారమే కాంట్రాక్టర్ మురుగు కాలువను మళ్లించాడు. దానికి కలిసే ఇంకో కాలువలో అడ్డుగోడ ఉందని డ్రాయింగుల్లో లేదు. భారీ వర్షానికి కాలువ పగిలి సైటు మునిగింది. సైటు చూసుకోవాలి, డ్రాయింగులు సరిచూసుకోవాలి అన్న సాధారణ క్లాజులు ఉన్నా ఆ హామీ పోదని కోర్టు తేల్చింది.

క్లెయిమ్స్‌డెస్క్:
ఆ ఒక్క తీర్పు చూసి ధైర్యపడకండి సార్. అన్ని దేశాల్లో అలా నడవదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో రాబిన్ రిగ్ సముద్ర విండ్‌ఫామ్ కేసులో పూర్తిగా ఇంకోవైపు వెళ్లింది. కాంట్రాక్టులో చెప్పిన జే101 అనే ప్రమాణంలోనే ఒక విలువ సుమారు 10 రెట్లు తప్పు. కాంట్రాక్టర్ దాన్నే పాటించాడు, పునాదుల జాయింట్లు జారాయి. కానీ సాంకేతిక పత్రాల్లో ఒక మూల 20 ఏళ్ల జీవితకాలం ఉండేలా డిజైన్ చేయాలని ఉంది. అది చాలు. మరమ్మతుకు అయిన 2.625 కోట్ల యూరోల భారం కాంట్రాక్టర్ మీదే పడింది. ఇలాంటి ఫలితం హామీల్ని చాలా ప్రొఫెషనల్ ఇన్సూరెన్స్ పాలసీలు కవర్ చేయవు కూడా.

బిల్లులపుస్తకం:
నిజమే, కానీ అక్కడ డిజైన్ కూడా కాంట్రాక్టర్‌దే కదా. ఇక్కడ అలా లేదు. ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య) నమూనా కాంట్రాక్టుల్లో రెడ్ బుక్‌కీ సిల్వర్ బుక్‌కీ తేడా అదేగా. రెడ్‌లో డిజైన్ ప్రధానంగా యజమానిది. సిల్వర్‌లో యజమాని ఇచ్చిన వివరాల్లో తప్పున్నా, కొన్ని మినహాయింపులు పోగా, మోసేది కాంట్రాక్టరే. మీ కాంట్రాక్టు ఏ రకమో చెప్పండి.

డిజైన్‌బల్ల:
స్పెసిఫికేషన్లు రాసే వైపు నుంచి చెప్తాను. పాత ప్రాజెక్టు ఫైలు తెచ్చి పేరు మార్చి ఇచ్చేయడం చాలా చోట్ల చూశాను, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. భూగర్భ నీటిమట్టం ఎంతో చూడకుండా పొరల సంఖ్య రాస్తే దాన్ని స్పెసిఫికేషన్ అనలేం. మీ సాయిల్ రిపోర్టులో నీటిమట్టం ఎంత? ఇంకొకటి, ఎక్కడైనా "సమానమైన మెటీరియల్" మీరు ప్రతిపాదించి వాడారా? అలాగైతే దాని పనితీరుకు మీరే జవాబుదారీ అని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. కన్సల్టెంట్ అప్రూవల్ ఉన్నా బాధ్యత తగ్గదు అనే క్లాజు కూడా చూడండి.

సైట్‌ఇంజనీర్:
రెడ్ బుక్ ఆధారంగా రాసినదే. ప్రైమర్ (పొరల కింద వేసే మొదటి పూత) ఒక్కటే మార్చాం, మా ప్రతిపాదన మీదే. నీటిమట్టం స్లాబ్ కంటే పైనే ఉంది. ఆ పొరలు చాలవేమోనని పని మొదలయ్యే ముందు ఈమెయిల్ పెట్టాం. జవాబు రాలేదు.

క్లెయిమ్స్‌డెస్క్:
ఆ ఈమెయిల్ ప్రింటు తీసి దాచండి! ముందే హెచ్చరించారని చూపించగలగడం మీకు పెద్ద బలం. ప్రైమర్ ఊడిందా, లేక నీటి ఒత్తిడికి పొరే ఓడిందా అన్నది ఇద్దరూ ఒప్పుకున్న ల్యాబ్‌తో తేల్చండి. అప్పటిదాకా ఏదీ పీకనివ్వకండి. మళ్లీ చేయాల్సి వస్తే రాతపూర్వక ఆర్డర్ అడగండి, హక్కులు వదులుకోకుండా చేస్తున్నామని రాసి మొదలుపెట్టండి. ఫిడిక్‌లో విషయం తెలిసిన 28 రోజుల్లో క్లెయిమ్ నోటీసు వెళ్లాలి. మీ కాంట్రాక్టులో ఆ సంఖ్య మార్చారేమో ఈరోజే చూడండి.

సైట్‌ఇంజనీర్:
మార్చారు. 14 రోజులే ఉంది. నోటీసు రేపే పంపుతున్నాం.