దిగుమతి కారుకు టైమింగ్ బెల్టు మార్పిడి: ఈ అంచనా సమంజసమేనా?

నా దగ్గర పదకొండేళ్ల నాటి దిగుమతి కారు ఉంది. మీటరు 1,14,000 కిలోమీటర్లు చూపిస్తోంది. పాత యజమాని ఇచ్చిన సర్వీసు పుస్తకంలో టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో పిస్టన్ల, వాల్వుల కదలికలను ఒకే లయలో ఉంచే పళ్ల బెల్టు) మార్చినట్టు ఎక్కడా నమోదు కాలేదు. మొన్న పై మూత తీయించి టార్చిలైటు వేసి చూస్తే, బెల్టు మీద వెంట్రుకంత సన్నని పగుళ్లు, ఒక అంచున లేచిన నూలు పోగులు కనిపించాయి. ఇది ఇంటర్‌ఫియరెన్స్ రకం ఇంజిన్ కాబట్టి, నడుస్తుండగా బెల్టు తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయని తెలుసు. అందువల్ల మార్చాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు.

అధీకృత సర్వీసు కేంద్రం ఇచ్చిన అంచనా బయటి మెకానిక్ చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు ఉంది. అందులో బెల్టు ధర చిన్న భాగమే; ఇంజిన్ మౌంటు, పుల్లీలు విప్పి బిగించే కూలీయే సగానికి పైగా ఉంది. ఎలాగూ విప్పుతున్నప్పుడు బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ పుల్లీలతో పాటు ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపునూ మార్చాలని వారంటున్నారు, అది నాకూ సబబుగానే తోచింది. బయటి మెకానిక్ మాత్రం బెల్టు ఒక్కటే చాలంటున్నారు (ఆయన ధర తగ్గడానికి కారణం అదేనేమో).

కారు కంపెనీకి సరఫరా చేసే తయారీదారే తన సొంత పేరుతో అమ్మే కిట్టును (బెల్టు, దానితో మార్చే భాగాలు కలిపి) నేనే కొని ఇస్తే, పనికి గ్యారంటీ ఇవ్వడానికి మెకానిక్కులు ఒప్పుకుంటారా? వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టును బెల్టు మార్చేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పనిముట్లు ఆ బయటి మెకానిక్ దగ్గర ఉన్నాయో లేదో నొప్పించకుండా ఎలా తెలుసుకోవాలి? ఈ పని చేయించినవారు తమ బిల్లులో విడిభాగాలకు ఎంత, కూలీకి ఎంత పడిందో విడివిడిగా తెలిపితే ఎంతో ఉపకరిస్తుంది.